ఇస్ సాల్ కా ఖిలాడీ

పోయిన ఆదివారం అస్ర్ నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా గల్లీ పిల్లలు నలుగురు వచ్చి నన్ను చుట్టుముట్టారు. "చాచా, ఒక్క పని ఉంది మీతో" అన్నారు. నాచారానికీ మల్లాపూర్‌కీ మధ్య ఉన్న ఖాళీ జాగాలో వీళ్లు ఫుట్‌బాల్ ఆడతారు. ఆడేవాళ్లు పదిహేను మంది ఉంటే, గోడ మీద కూర్చుని చూసేవాళ్లు, అరిచేవాళ్లు దానికి రెండింతలు ఉంటారు. ఈ ఏడాది చివర్లో ఆ గోడ మీది జనమంతా చీటీలు వేసి ఒక ఆటగాణ్ణి ఎన్నుకోవాలని, అతనికి ఒక కప్పు ఇవ్వాలని తీర్మానం చేశారట. చందా వసూలైంది. కప్పు కూడా చూసి పెట్టుకున్నారు. దానికి ఒక పేరు కావాలి.

"మీరు పాత సంగతులు రాస్తుంటారు కదా చాచా, ఎవరి పేరు పెడితే బాగుంటుంది?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రహీమ్ సాహెబ్ పేరు పెట్టండి బేటా" అన్నాను. ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాలుగోవాడికి మాత్రం కళ్లు వెలిగాయి. "అరే, అజయ్ దేవ్‌గణ్ రా!" అన్నాడు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూశాడట. మిగతా ముగ్గురు మెస్సీ పేరు, సలాహ్ పేరు అనుకుని వచ్చారట.

అప్పుడు నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వు పోయింది. రహీమ్ సాహెబ్ ఈ షెహర్ మనిషి. మన తాతల కళ్ల ముందు తిరిగిన మనిషి. ఆయన పేరు మన పిల్లలకు చేరడానికి ముంబై నుంచి ఒక సినిమా రావలసి వచ్చింది. తప్పు పిల్లలది కాదు. వాళ్లకు చెప్పవలసిన వాళ్లం మనం. మరి మనకెందుకు చెప్పడం చేతకాలేదు? ఈ సవాల్‌కు జవాబు వెతుకుతూ రాసిందే ఈ దాస్తాన్.

అబ్బా ఇచ్చిన ఇనామ్

మా అబ్బా 1938లో పుట్టారు. కాచిగూడలో పెరిగారు. తర్వాత నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కార్ఖానాలో పని దొరికితే మేం ఇటు వచ్చేశాం. ఆయనకు సినిమా షౌఖ్ లేదు, పాన్ షౌఖ్ లేదు. ఉన్నదల్లా ఫుట్‌బాల్ షౌఖ్. చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో మ్యాచ్ ఉందంటే బడి ఎగ్గొట్టి వెళ్లేవారట. పెద్దయ్యాక రేడియో, సియాసత్ అఖ్‌బార్ ఉండేవి.

ఏటా డిసెంబర్ ఆఖర్లో ఒక రాత్రి మా ఇంట్లో ఒక రస్మ్ జరిగేది. దస్తర్‌ఖాన్ మీద అన్నం తినడం అయ్యాక అబ్బా చేతులు కడుక్కుని వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని అడిగేవారు: "హాఁ, బోలో. ఇస్ సాల్ కా ఖిలాడీ కౌన్?"

అమ్మీకి ఫుట్‌బాల్ తెలియదు. అయినా ఆమెకూ ఒక ఓటు ఉండేది. మేము ముగ్గురు పిల్లలం తలా ఒక పేరు చెప్పేవాళ్లం. అబ్బా అందరి మాటా విని, చివర్లో తన ఫైసలా చెప్పి, ఎందుకో వివరించేవారు. కప్పు లేదు, కాగితం లేదు. గెలిచిన ఆటగాడికి ఆ సంగతి జిందగీలో తెలిసేది కాదు. కానీ మా ఇంట్లో అది పెద్ద ఇనామ్.

అబ్బా 2009లో అల్లాహ్ దగ్గరికి వెళ్లిపోయారు. తనకు ఊహ తెలిసినప్పటి నుంచి ఏ ఏడాది ఎవరిని ఎన్నుకున్నారో ఆయనకు కంఠతా వచ్చు. ఇప్పుడు నేను గుర్తు చేసుకుంటే పక్కాగా దొరికినవి మూడే పేర్లు. నూర్ మొహమ్మద్, థంగరాజ్, హబీబ్. మిగతా పేర్లన్నీ ఆయనతో పాటే మట్టిలో కలిసిపోయాయి. ఎందుకంటే మేమెవరం రాసుకోలేదు.

చూసేవాళ్ల గవాహీ

ఆటగాడికి ఇనామ్ ఇచ్చేవాళ్లు మూడు రకాలు. మొదటివాళ్లు పత్రికలవాళ్లు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ రాసే విలేకరులు 1948లో 'ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్' మొదలుపెట్టి మొదట స్టాన్లీ మాథ్యూస్‌కు ఇచ్చారు. రెండోవాళ్లు ఆటగాళ్లే. అక్కడి ఆటగాళ్ల సంఘం 1974 నుంచి తమలో తాము ఓట్లు వేసుకుని ఒకరిని ఎన్నుకుంటోంది. మూడోవాళ్లు టికెట్ కొనుక్కుని వచ్చి, వానలో తడిసి, గొంతు పోయేలా అరిచి ఇంటికి వెళ్లే మామూలు జనం.

ఈ మూడోవాళ్ల ఇనామ్‌లో ఒక ఖాసియత్ ఉంది. చెల్సీ క్లబ్ అభిమానుల ఓటుతో ఇచ్చే 'ప్లేయర్ ఆఫ్ ది ఇయర్' 1967లో మొదలైతే, మొట్టమొదట గెలిచింది గోల్ కొట్టేవాడు కాదు, గోల్ ఆపేవాడు. ఆ గోల్‌కీపర్ పేరు పీటర్ బొనెట్టి. అదే ఇనామ్ 2018లో ఎంగోలో కాంటేకు వచ్చింది. మైదానమంతా పరుగెత్తి ఎదుటివాళ్ల కాళ్ల దగ్గర బంతి లాక్కుని, పక్కవాడికి ఇచ్చి, మళ్లీ పరుగెత్తడం ఆయన పని. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు 1988 నుంచి ఇస్తున్న ఇనామ్‌కు ఇప్పుడు వాళ్ల పాత కోచ్ మాట్ బస్బీ పేరు ఉంది. దాన్ని నాలుగు సార్లు గెలిచినవాడు డేవిడ్ డి హెయా. ఆయనా గోల్‌కీపరే.

అఖ్‌బార్‌లో హెడ్డింగ్ గోల్ కొట్టినవాడికి వస్తుంది. ప్రతి ఆటా చూసినవాడికే తెలుస్తుంది, ఆ గోల్‌కు ముందు పది నిమిషాలు జట్టును మునిగిపోకుండా కాపాడింది ఎవరో. అందుకే అభిమానుల ఓటు తారీఫ్ మాత్రమే కాదు, గవాహీ కూడా. "మేం ఏడాదంతా కళ్లారా చూశాం, ఈ మనిషి మాకు దగా చేయలేదు" అని సాక్ష్యం చెప్పడం. ఇంకో సంగతి కూడా ఉంది. అది ఏటా వస్తుంది, పేరు పక్కన తారీఖుతో నమోదవుతుంది. యాభై ఏళ్ల తర్వాత ఆ క్లబ్‌లో ఒక పిల్లవాడు ఆ జాబితా చదివితే, తన తాత కాలం ఆట ఎవరి చుట్టూ తిరిగిందో వాడికి తెలిసిపోతుంది.

మన షెహర్‌కు అలాంటి జాబితా లేదు. జాబితాలో ఎక్కవలసిన వాళ్లు మాత్రం లైను కట్టి నిలబడేంత మంది ఉండేవారు.

పోలీసు జట్టు, మాస్టర్ సాహెబ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి ఉస్తాద్ అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు సెక్రటరీగా ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు.

ఆ తర్వాతిది చెబితే ఈనాటి పిల్లలు నమ్మరు. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్ వరసగా ఐదేళ్లు సిటీ పోలీస్‌దే. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1954లో డ్యూరాండ్ మళ్లీ గెలిచారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57, 1957–58లో వరసగా తీసుకొచ్చింది. జట్టులో ఉన్నది కానిస్టేబుళ్లు, జమేదార్లు. పొద్దున డ్యూటీ, సాయంత్రం ప్రాక్టీస్.

రహీమ్ సాహెబ్ పిల్లలను తయారుచేసిన తరీఖా చూస్తే ఆయనలోని బడిపంతులు కనపడతాడు. కాలితో బంతిని అట్టిపెట్టుకుని ఒక్కడే ఆడేవాళ్ల అలవాటు మాన్పించడానికి, డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో టోర్నమెంట్లు పెట్టారు. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాళ్ల కోసం, బలహీనమైన కాలితోనే ఆడాలనే షరతు పెట్టారు. ఎవరికి ఏది రాదో కనిపెట్టి, అదే పరీక్షగా పెట్టడం మంచి ఉస్తాద్ లక్షణం.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్ బంగారు పతకం గెలిచినప్పుడు కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ ఆయనే. ఆ మెల్‌బోర్న్ జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్, థంగరాజ్, ఇంకా మరికొందరు మన షెహర్ వాళ్లే. పేర్లు గమనించండి. ఒకే జట్టులో ముస్లిం, హిందూ, ఈసాయీ. తమిళం మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన బలరామ్, మిలిటరీ మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ నుంచి వచ్చిన థంగరాజ్, పాతబస్తీ ఉర్దూ పిల్లలు. ఒకే ఉస్తాద్ దగ్గర ఒకే బంతి వెంట పరుగెత్తారు. గంగా-జమునా తెహ్‌జీబ్ అని సభల్లో చెప్పుకుంటాం. అది ఆ రోజుల్లో ఫతే మైదాన్‌లో నిక్కర్లు వేసుకుని ఆడేది.

అబ్బా ఎన్నుకున్న మొదటి పేరు నూర్ మొహమ్మద్. హాఫ్ బ్యాక్. వెనక వాళ్లకూ ముందు వాళ్లకూ మధ్య నిలబడి ఇద్దరి పనీ చేసేవాడు. "ఆయన ఆట కనపడేది కాదు, ఆయన లేని రోజు కనపడేది" అనేవారు అబ్బా. ఏ ఏడాది ఎన్నుకున్నారని అడిగితే "పోలీసోళ్లు రోవర్స్ గెలిచిన సాల్" అని జవాబు. అప్పుడు సరే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే వాళ్లు వరసగా ఐదేళ్లు గెలిచారు. ఏ సాలో నేనెట్లా చెప్పను?

జకార్తా, 1962

రెండో పేరుకు తారీఖు ఉంది. 1962 సెప్టెంబర్ 4, జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఎదుట దక్షిణ కొరియా. స్టేడియంలో లక్ష మంది, ఎక్కువ మంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. రహీమ్ సాహెబ్‌కు అప్పటికే క్యాన్సర్. మన జట్టు 2–1తో గెలిచింది. గోల్స్ కొట్టింది పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. జర్నైల్ సింగ్ మామూలుగా డిఫెండర్. అంతకుముందు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీమ్ సాహెబ్ ఆయన్ను వెనక నుంచి ముందుకు పంపారు. ఆ తలతోనే ఆయన ఆడాడు, గోల్ కొట్టాడు.

ఆ మైదానంలో మన షెహర్ వాళ్లు ముగ్గురున్నారు: బలరామ్, యూసుఫ్ ఖాన్, గోల్‌లో పీటర్ థంగరాజ్. థంగరాజ్ జ్వరంతో ముందు మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. ఫైనల్‌కు లేచి వచ్చాడు.

దేశమంతా బెనర్జీ పేరు, జర్నైల్ పేరు చెప్పుకుంటుంటే మా అబ్బా ఫైసలా థంగరాజ్. ఆయన దలీల్ ఇదీ: "గోల్ కొట్టేవాడు తప్పు చేస్తే మళ్లీ మౌకా వస్తుంది. గోల్ ఆపేవాడు తప్పు చేస్తే మౌకా రాదు. జ్వరం నుంచి లేచి లక్ష మంది ముందు నిలబడటం మామూలు జిగర్ కాదు." చెల్సీ వాళ్లు బొనెట్టీని ఎన్నుకోవడానికి ఐదేళ్ల ముందే నాచారం కార్మికుడు కావలసిన ఒక ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు గోల్‌కీపర్‌కు ఓటు వేశాడని తలచుకుంటే నాకు ఫకర్‌గా ఉంటుంది.

రహీమ్ సాహెబ్ ఆ తర్వాతి ఏడాది, 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53. ఆ తర్వాత భారత్ ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం గెలవలేదు. ప్రభుత్వం నుంచి ఆటగాళ్లకు అర్జున అవార్డులు వచ్చాయి: 1962లో బలరామ్, 1966లో యూసుఫ్ ఖాన్, 1967లో థంగరాజ్, 1970లో సయ్యద్ నయీముద్దీన్. తొమ్మిదేళ్లలో ఒకే షెహర్ నుంచి నలుగురు. నయీముద్దీన్‌కు తర్వాత కోచ్‌గా ద్రోణాచార్య కూడా వచ్చింది. వీళ్లకు దారి వేసిన మాస్టర్ సాహెబ్‌కు ఏ పద్మ పురస్కారమూ రాలేదు. ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. ఆయన పోయిన 22 ఏళ్లకు.

కలకత్తాకు వెళ్లిన అమానత్

ఇంతమంది ఆటగాళ్లున్న షెహర్‌లో అభిమానుల ఇనామ్ ఎందుకు పుట్టలేదు? నాకు తోచిన జవాబు ఇది. మన దగ్గర ఫుట్‌బాల్ క్లబ్‌లది కాదు, కొలువులది. పోలీసు, మిలిటరీ, రైల్వే, బ్యాంకు, కార్ఖానా. జట్టు డిపార్ట్‌మెంట్‌ది. ఆటగాడికి ఇనామ్ అంటే ప్రమోషన్, లేదంటే పక్కా నౌకరీ. అది చిన్న విషయం కాదు, గరీబు ఇళ్లకు అదే రిజ్క్. కానీ చూసేవాడికి ఆ జట్టులో ఏ హక్కూ లేదు. వచ్చాడు, వాహ్‌వా అన్నాడు, వెళ్లిపోయాడు. పెద్ద సాహెబ్ మారితే, భర్తీ ఆగిపోతే, జట్టు కూడా ఆగిపోతుంది. ఆ రోజుల లెక్కాపత్రాలు ఏ గోదాములో చెదలు తింటాయో ఎవరికీ పట్టదు.

కలకత్తా సంగతి వేరు. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్ అనే క్లబ్‌లకు సభ్యులుంటారు. ఏటా రుసుము కడతారు, కార్డు జేబులో పెట్టుకుంటారు, కమిటీకి ఓట్లు వేస్తారు. తాత కార్డు కొడుకుకు, కొడుకు కార్డు మనవడికి. 1911 జూలై 29న బగాన్ జట్టు బూట్లు లేని కాళ్లతో ఇంగ్లీషు సోల్జర్ల జట్టును ఓడించింది. అదే తారీఖున 2001 నుంచి ఏటా ఒక పాత మనిషికి 'మోహన్ బగాన్ రత్న' ఇస్తారు. ఈస్ట్ బెంగాల్ వాళ్లూ తమ క్లబ్ పుట్టిన ఆగస్ట్ 1న పాత ఆటగాళ్లను పిలిచి శాలువా కప్పుతారు. కార్డు ఉన్నవాడికి క్లబ్ తనది. తనది అనుకున్నదాన్ని ఎవరైనా భద్రంగా దాచుకుంటారు.

మన వాళ్లు అక్కడికే వెళ్లారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఇరవై ఏడేళ్లకే పెద్ద ఆట మానుకోవలసి వచ్చింది. అయినా వెనక్కి రాలేదు. హుగ్లీ పక్కన ఉత్తరపాడాలో ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న అక్కడి నేలలోనే కలిసిపోయాడు.

మూడో పేరు హబీబ్. ఇది నేను కళ్లారా చూసిన ఫైసలా. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌కూ న్యూయార్క్ కాస్మోస్‌కూ మ్యాచ్. కాస్మోస్ జట్టులో పెలే ఉన్నాడు. ఆట 2–2తో ముగిసింది. బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, ఒకటి మన మొహమ్మద్ హబీబ్‌ది. నాకప్పుడు పదేళ్లు. అబ్బా రేడియో పక్కన కూర్చున్నారు. డిసెంబర్ వచ్చాక అందరం అరిచాం, "పెలే! పెలే!" అని. అబ్బా తల అడ్డంగా ఊపారు. "పెలే మెహమాన్ రా. మెహమాన్‌కు సలాం చేస్తాం, ఓటు ఇంటివాడికి వేస్తాం. హబీబ్!"

హబీబ్‌ను కలకత్తా 'బడే మియా' అని పిలిచింది. 1966 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు అక్కడి మూడు పెద్ద క్లబ్‌లలోనూ ఆడాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ కెప్టెన్‌గా కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1980లో అర్జున వచ్చింది. తర్వాత ఇంటికి వచ్చేశాడు. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు. 2023 ఆగస్ట్ 15న ఇక్కడే, మన షెహర్‌లోనే వెళ్లిపోయాడు.

ఆ రోజు నేను చాలాసేపు కూర్చుండిపోయాను. లక్షల మంది గుర్తుపెట్టుకున్న మనిషికి తన ఆటే గుర్తులేకుండా పోయింది. అలాంటి సమయంలో యాదాష్త్ బాధ్యత ఎవరిది? చూసినవాళ్లది కాదా? కలకత్తా తన వంతు మోసింది. మనం మోశామా?

ఆరేళ్ల పండగ

2019లో ఆ లోటు తీరుతుందనిపించింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్ వచ్చింది. డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం తయారైంది. నవంబర్ 2న గచ్చిబౌలిలో మొదటి హోమ్ మ్యాచ్. నేను, మా అబ్బాయి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాం. మా ఇంటికి అంత దగ్గర ఉన్న ఉప్పల్ స్టేడియం క్రికెట్‌ది. ఫుట్‌బాల్ కోసం షెహర్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోవాలి. పోనీ. పసుపు చొక్కాల పిల్లలు డప్పులు కొడుతూ పాడుతుంటే, 2–1తో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడిస్తే, నాకు అబ్బా పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

ఆ మొదటి సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. తర్వాత కరోనా. రెండు సీజన్లు గోవాలో, తలుపులు మూసి ఆడారు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, మళ్లీ కేరళతోనే. ఒక గోల్ వెనకబడి ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టాడు. 1–1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు. 3–1తో కప్పు మనది.

ఆ రాత్రి మా ఇంట్లో అబ్బా రస్మ్ మళ్లీ మొదలైంది. నేనే గోడకు ఆనుకుని కూర్చుని అడిగాను. సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఓగ్బెచే అన్నాడు అబ్బాయి. తవోరా అంది అమ్మాయి. మా బేగం ఒక్క మాటలో తేల్చేసింది, "మూడు ఆపినోడు." నేను తాతగారి పోతనే పోయాను. రెండు ఓట్లతో కట్టిమని గెలిచాడు.

కానీ ఆ పదకొండు మందిలో మన షెహర్‌లో పుట్టినవాడు ఒక్కడూ లేడు. సంతోషం మధ్యలో అదొక ముల్లు. రెండేళ్లు తిరక్కుండానే ఇంకో ముల్లు గుచ్చుకుంది. పైసల కష్టాలు వచ్చాయి, జీతాలు ఆగాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. క్లబ్ చేతులు మారింది. 2025లో కొత్త యజమానులు దాన్ని ఢిల్లీకి తీసుకెళ్లి పేరు కూడా మార్చేశారు. డప్పులు కొట్టిన పిల్లలను ఎవరూ అడగలేదు. యజమాని క్లబ్‌ను లారీ ఎక్కించి తీసుకుపోవచ్చు. ఆ పిల్లలు చూసిన ఆటను మాత్రం తీసుకుపోలేడు. అది రాసుకుంటేనే మిగులుతుంది. రాసుకోకపోతే అదీ పోతుంది.

పొడుగు రిజిస్టర్

మర్నాడు నాచారం చౌరస్తా దగ్గర దుకాణంలో ఒక పొడుగు లెక్కల రిజిస్టర్ కొన్నాను. కార్ఖానాల్లో హాజరీ రాసుకునే రకం. సాయంత్రం పిల్లల దగ్గరికి తీసుకెళ్లాను.

"కప్పు మీద ఎవరి పేరైనా పెట్టుకోండి బేటా, మీ మర్జీ. కానీ ఈ రిజిస్టర్ కూడా ఉంచుకోండి. ఏటా గోడ మీద కూర్చున్న ప్రతివాడూ చీటీ వేయాలి. ఎవరికి ఎన్ని చీటీలు వచ్చాయో రాయాలి. గెలిచినవాడి పేరు, తారీఖు, ఎందుకు గెలిచాడో రెండు ముక్కలు. చిన్న పిల్లల చీటీ కూడా లెక్కే. ఇంట్లో నుంచి చూసే ఆడపిల్లల చీటీ కూడా లెక్కే."

ఒకడు మొదటి పేజీ తెరిచి చూశాడు. అందులో నేను ముందే రాసి పెట్టాను. నూర్ మొహమ్మద్, పక్కన సాల్ జాగా ఖాళీ. పీటర్ థంగరాజ్, 1962. మొహమ్మద్ హబీబ్, 1977. లక్ష్మీకాంత్ కట్టిమని, 2022. మధ్యలో బోలెడు ఖాళీ లైన్లు.

"ఇవన్నీ ఎందుకు వదిలారు చాచా?"

"అవి మీ దాదా, నానాలకు తెలుసు. అడిగి నింపండి" అన్నాను.

ఇప్పుడు ఈ మాట మీ అందరికీ చెబుతున్నాను. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలు ఎవరైనా ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. చాయ్ ఇచ్చి పక్కన కూర్చోండి. "ఫతే మైదాన్‌లో మీరు చూసిన వాళ్లలో మీ ఓటు ఎవరికి?" అని అడగండి. పేరు చెబుతారు. ఎందుకని అడగండి. చెప్పింది చెప్పినట్టు, తారీఖుతో రాసుకోండి. తారీఖు గుర్తులేకపోతే ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో అడగండి, ఎవరి షాదీ, ఎవరి పుట్టుక. దాని నుంచి సాల్ దొరుకుతుంది.

నేను మా అబ్బాను అలా అడగలేదు. రేపు అడుగుదాం, ఈద్‌కు అడుగుదాం అనుకుంటూ ఉండిపోయాను. నూర్ మొహమ్మద్ పక్కన ఆ ఖాళీ జాగా నా వల్లే ఖాళీగా ఉంది.

పిల్లల ఓటింగ్ డిసెంబర్ చివరి ఆదివారం. కప్పుకు రహీమ్ సాహెబ్ పేరే ఖాయం చేశారు. అజయ్ దేవ్‌గణ్ పుణ్యమో, రిజిస్టర్ పుణ్యమో నాకు తెలియదు. నన్నూ ఒక చీటీ వేయమన్నారు. ఇన్షా అల్లాహ్, గోడ మీద నాకూ కాస్త జాగా ఇస్తామన్నారు. నా కళ్లు ఇప్పటి నుంచే వాళ్ల గోల్‌కీపర్ మీద ఉన్నాయి.